టీ ధర తగ్గితే కోపం ఎందుకొచ్చింది? అమెరికా వలసల పన్నుల గొడవ మీద ఒక సందేహం

సుబేదారి చదువరి:

అందరికీ నమస్తే. హన్మకొండలో రూమ్ తీసుకుని సివిల్స్‌కు చదువుకుంటున్నాను. ప్రపంచ చరిత్రలో అమెరికా స్వాతంత్ర్య పోరాటం దగ్గర బండి ఆగిపోయింది. ఏ నోట్స్ తెరిచినా ఒకటే మాట: బ్రిటన్ భారీ పన్నులు వేసింది, వలసవాసులు తట్టుకోలేక తిరగబడ్డారు. లెక్కలు చూస్తే నాకు అట్లా కనబడడం లేదు.

బయటి దేశాల వలసల నుంచి వచ్చే మొలాసిస్ (చెరకు మడ్డి) మీద 1733 నుంచి గ్యాలన్‌కు 6 పెన్నీల సుంకం ఉంది. 1764లో దాన్ని 3 పెన్నీలు చేశారు. సగానికి సగం తగ్గింది. గొడవ మొదలైంది మాత్రం అప్పటి నుంచే. 1773లో టీ చట్టం వచ్చాక ఈస్టిండియా కంపెనీ టీ, దొంగతనంగా వచ్చే టీ కంటే చవకగా దొరికే పరిస్థితి వచ్చింది. ఆ చవక టీనే బోస్టన్ రేవులో పారబోశారు. ఇంకొకటి, అప్పట్లో ఇంగ్లండ్‌లో ఒక్కొక్కరి మీద ఏడాదికి సగటున 26 షిల్లింగుల పన్ను పడితే, వలసల్లో అది ఒక్క షిల్లింగు అటూ ఇటూ అని చదివాను.

మరి ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చింది? మా రూమ్మేట్ అయితే "కట్టడం ఇష్టం లేక చేశారు, అదే రాసెయ్" అంటున్నాడు. ఎవరైనా కొంచెం విడమరచి చెప్పండి.

మడికొండ మావోడు:

దీనికింత ఆలోచన ఎందుకు బ్రదర్? పార్లమెంటులో మాకు ప్రతినిధి లేడు, కాబట్టి మా మీద పన్ను వేసే హక్కు మీకు లేదు అన్నారు. పది మార్కులకు అది చాలు. నేను అదే రాశాను, మార్కులు పడ్డాయి.

పాత దస్తావేజు:

తమ్మీ, నేను చరిత్ర సార్‌ను కాను. జనగామలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికిన మనిషిని. స్టాంపు కాగితం మీద బతికిన వాణ్ని కాబట్టి 1765 స్టాంపు చట్టం కథ ఎక్కడ కనబడ్డా వదలకుండా చదివేవాణ్ని. రేటు దగ్గరే కూర్చుంటే నీ సందేహం తీరదు. ఆ పైసలు ఎవరి చేతిలో నుంచి ఏ రూపంలో పోతున్నయి, పోయి ఎవరికి జీతం అవుతున్నయి, అది పట్టుకో.

ముందు స్టాంపు సంగతి. 1765 మార్చిలో చట్టం చేశారు, నవంబర్ 1 నుంచి అమలు అన్నారు. దావా వేయాలన్నా, భూమి కాగితం రాసుకోవాలన్నా, ఓడ సరుకుతో రేవు దాటాలన్నా ముద్ర గుద్దిన కాగితమే వాడాలి. పత్రిక అచ్చెయ్యడానికీ అదే కాగితం, పంచాంగానికీ అదే. (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను.) పేకముక్కల కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. పత్రికలో ప్రకటన వేస్తే 2 షిల్లింగులు. కాలేజీ డిగ్రీ పట్టాకు 2 పౌన్లు. వకీలుగా నమోదు కావాలంటే 10 పౌన్లు. వంద ఎకరాల లోపు భూమి మంజూరు పత్రానికి మాత్రం షిల్లింగున్నర. ఇంగ్లిష్‌లో కాకుండా ఇంకో భాషలో రాస్తే సుంకం రెట్టింపు. పెన్సిల్వేనియా నిండా జర్మన్ వాళ్లు ఉన్నారు మరి!

మొదటిసారి ఆ పట్టిక చూసినప్పుడు నేను నవ్వుకున్నాను. రైతుకు షిల్లింగున్నర, వకీలుకు పది పౌన్లు అంటే చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ ఊళ్లో నోరున్న వాళ్లందరినీ ఒక్క చట్టంతో గిల్లారు. వకీలు, పత్రిక నడిపేవాడు, ఓడల షావుకారు, సారాయి దుకాణందారు, అందరూ దాని కిందికే వచ్చారు. మా ఆఫీసు ముందర స్టాంపు ఖర్చు చూసి గొణిగే పార్టీలను రోజూ చూసేవాణ్ని. గొణుగుతారు, కడతారు, పోతారు. వాళ్ల చేతిలో అచ్చు యంత్రం లేదు. అక్కడ ఉంది. ఫిలడెల్ఫియాలో ఒక పత్రిక అక్టోబర్ 31న మొదటి పేజీని సమాధి రాయి ఆకారంలో వేసి, ముద్ర పడాల్సిన చోట పుర్రె బొమ్మ అచ్చేసింది.

తర్వాత నాణెం సంగతి. స్టాంపు సొమ్ము స్టెర్లింగ్ లెక్కన, వెండి రూపంలో కట్టమన్నారు. వలసల్లో వెండికి ఎప్పుడూ కరువే. రోజువారీ బేరాలు కాగితం నోట్లతో, ఖాతా పద్దులతో నడిచేవి. అంతకు ముందు ఏడాదే కరెన్సీ చట్టం తెచ్చి ఆ నోట్లకు కట్టడి పెట్టారు. మన దిక్కు పాతవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. నిజాం రాజ్యంలో మనది హాలీ సిక్కా, ఇంగ్లిష్ వాళ్ల రూపాయి కల్దార్. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. మా తాత బెజవాడ దిక్కు పోయి సరుకు కొనాలంటే ముందు కల్దార్ కోసం షావుకారు చుట్టూ తిరిగేవాడట. సరుకు కోసం తిరగడం వేరు, సర్కారు సుంకం కోసం ఊళ్లో దొరకని నాణెం వెతుక్కోవాలంటే ఎట్లుంటుందో చూడు.

లండన్ వాళ్ల బాధ కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి వాళ్ల సర్కారు అప్పు దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌన్ల దాకా ఎగబాకింది. ఆ యుద్ధం అమెరికా అడవుల్లోనే జరిగిందనుకోకు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిష్, ఫ్రెంచి సేనలు తలపడింది, మరుసటి ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టింది అందులో భాగమే. యుద్ధం అయ్యాక అమెరికాలో పదివేల సైన్యాన్ని ఉంచుదామనుకున్నారు. దానికి ఏడాదికి రెండు లక్షల పౌన్ల పైచిలుకు కావాలి. స్టాంపుల మీద వస్తుందనుకున్నది 60 వేలు. ఇంగ్లండ్‌లో 1694 నుంచే స్టాంపు సుంకం ఉంది. మేం కడుతున్నాం, మీ కాపలాకు మీరూ కొంత పెట్టుకోండి అన్నారు. లెక్క రాసే గుమస్తాకు ఇందులో తప్పు దొరకదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు అప్పుడు లండన్‌లోనే ఉండి, ఇది ఎట్లాగూ ఆగదనుకుని, పెన్సిల్వేనియాలో స్టాంపులు పంచే ఉద్యోగానికి తన దోస్తు పేరే చెప్పాడు!

బోస్టన్‌లో 1765 ఆగస్టు 14న స్టాంపు పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. స్టాంపు ఆఫీసు అనుకున్న కొత్త కట్టడాన్ని పడగొట్టారు. ఆయన ఆ ఉద్యోగం నాకొద్దన్నాడు. 26న లెఫ్టినెంట్ గవర్నర్ హచిన్సన్ ఇంటి మీద పడి సామానంతా ఎత్తుకుపోయి, లోపలి గోడలు కూడా పీకారు. నవంబర్ 1 వచ్చేసరికి దాదాపు ఏ వలసలోనూ స్టాంపు అమ్మే మనిషి దొరకలేదు. 1766 మార్చి 18న చట్టం రద్దు చేశారు. అదే రోజు ఇంకో చట్టం చేశారు: ఏ విషయంలోనైనా సరే వలసలను కట్టడి చేసే చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు ఉంది అని. అప్పుడు ఊరేగింపుల సందట్లో దాన్ని పెద్దగా పట్టించుకున్న వాళ్లు తక్కువ.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు ముచ్చట. 1767లో టౌన్‌షెండ్ అనే ఆర్థిక మంత్రి గాజు, సీసం, రంగులు, కాగితం, టీల మీద దిగుమతి సుంకాలు పెట్టాడు. అవి చిన్న సుంకాలే. ఆ సొమ్ముతో ఏం చేస్తామన్నారో చూడు: వలసల్లోని గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు ఇస్తామన్నారు. అప్పటిదాకా చాలా వలసల్లో గవర్నర్‌ను పంపేది రాజు, జీతం మంజూరు చేసేది అక్కడి అసెంబ్లీ. మాట వినని గవర్నర్‌కు జీతం ఆలస్యమయ్యేది. 1728లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస గవర్నర్ బర్నెట్ నాకు శాశ్వత జీతం కట్టండని పట్టుబడితే అసెంబ్లీ ససేమిరా అంది. అది వాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క పగ్గం.

చెరువు కింద రైతులంతా తలా ఇన్ని గింజలు ఇచ్చి నీరటికాడిని పెట్టుకుంటారు కదా. రేపటి నుంచి నీ గింజలు పట్నం నుంచి వస్తాయి, పైగా ఆ గింజలు ఈ రైతుల కల్లాల్లోంచే మేం తీస్తాం అంటే, తూము ఎవరి మాట మీద లేస్తుంది? ఐదు వస్తువుల మీద సుంకం చూసి మోసపోకు. టౌన్‌షెండ్ తీసుకున్నది అసెంబ్లీ చేతిలోని తాళంచెవి. 1772లో హచిన్సన్, అప్పటికి గవర్నర్, నా జీతం ఇక రాజు ఖజానా నుంచే అని చెప్పాడు. జడ్జీలకూ అంతే అని తెలిసింది. అదే ఏడాది నవంబర్‌లో బోస్టన్‌లో ఊరూరికీ ఉత్తరాలు రాసే కమిటీ పుట్టింది. దాన్ని నడిపించిన శామ్యూల్ ఆడమ్స్ అంతకు ముందు బోస్టన్ పట్టణానికి పన్ను వసూలుదారు. బాకీలు వసూలు చేయలేక చేతులెత్తేసిన వసూలుదారు, అది వేరే ముచ్చట.

ఏనుమాముల అడ్తి:

పెద్దాయన మొలాసిస్ వదిలేశారు కాబట్టి నేను అందుకుంటున్నా. మాది మిర్చి, పత్తి వ్యాపారం, చరిత్ర పుస్తకాలు తక్కువే గానీ సుంకం అనే మాట వినబడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

తమ్ముడూ, 6 పెన్నీలు అని రాసి ఉంది, కట్టింది ఎవరు? ఫ్రెంచి దీవుల నుంచి మొలాసిస్ తెచ్చి న్యూ ఇంగ్లండ్‌లో రమ్ము కాచేవాళ్లు. పూర్తి సుంకం కడితే ఆ బేరం కిట్టదు. అందుకని కస్టమ్స్ వాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టి దాటించేవారు. ఇట్లా 30 ఏళ్లు నడిచింది. 1764లో 3 పెన్నీలు చేసి, ఇది మాత్రం నిజంగా వసూలు చేస్తాం అన్నారు. కాగితం మీద సగం తగ్గింది, కొట్టు లెక్కలో పెరిగింది.

వసూలు చేసే పద్ధతి ఇంకా ఘోరం. సరుకు పట్టుకుంటే కేసు ఎక్కడో ఉత్తరాన హాలిఫాక్స్‌లో పెట్టిన నౌకా న్యాయస్థానానికి తీసుకుపోవచ్చు. అక్కడ జ్యూరీ ఉండదు, ఒక్క జడ్జీయే. సరుకు సక్రమమైనదే అని నిరూపించుకోవాల్సింది యజమాని. జప్తు చేసిన దాంట్లో మూడో వంతు పట్టుకున్న అధికారికి. పట్టుకుంటే వాటా వచ్చేవాడు ఏ ఓడను వదులుతాడు? 1768లో బోస్టన్ షావుకారు జాన్ హాన్‌కాక్ ఓడ లిబర్టీని పట్టుకుంటే బోస్టన్‌లో అల్లరి లేచింది, కస్టమ్స్ కమిషనర్లు ప్రాణభయంతో రేవులోని కోటకు పారిపోయారు. ఆ ఏడాది అక్టోబర్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5న కాల్పుల్లో ఐదుగురు పోయారు.

ఇక టీ. చాలామంది మన అస్సాం టీ అనుకుంటారు. అది చైనా టీ. అప్పటికి మన దగ్గర టీ తోటలే లేవు. కంపెనీ గోదాముల్లో సరుకు పేరుకుపోయింది, అప్పుల్లో మునిగింది, బెంగాల్‌లో 1770 కరువు. దాన్ని బతికించడానికి 1773 చట్టం తెచ్చారు. ఇంగ్లండ్‌లో కట్టే సుంకం వాపసు, నేరుగా అమెరికాకు పంపుకోవచ్చు. పౌను తూకం టీకి 3 పెన్నీల టౌన్‌షెండ్ సుంకం మాత్రం ఉంచారు. ఎవరికి పడితే వాళ్లకు అమ్మరు, ఎంపిక చేసిన ఏజెంట్లకే సరుకు. బోస్టన్ ఏజెంట్లలో గవర్నర్ హచిన్సన్ ఇద్దరు కొడుకులు ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు అంతా తేటపడింది. మార్కెట్‌లో ఒక ఇంటివాళ్లకే సరుకు వస్తుందంటే ధర తగ్గిందని మిగతా దుకాణాలు సంతోషపడతాయా? డచ్చి వాళ్ల దగ్గర నుంచి దొంగ టీ తెచ్చేవాళ్లకూ దెబ్బే, చట్టప్రకారం తెచ్చే వ్యాపారికీ దెబ్బే. రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి.

ఓడ రేవుకొచ్చాక 20 రోజుల్లో సుంకం కట్టాలి, లేకపోతే కస్టమ్స్ జప్తు చేస్తుంది. డార్ట్‌మత్ ఓడ గడువు డిసెంబర్ 17తో తీరుతుంది. 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు నీళ్లలో పడ్డాయి.

కరీంనగర్ సోషల్ టీచర్:

ఇద్దరూ బాగా చెప్పారు. అయితే ఈ కథను మన రైతుల తిరుగుబాట్ల గాటన కట్టేయకండి, మా పిల్లలు ప్రతి ఏడాదీ అదే చేస్తారు. మన దగ్గర 1940లలో లెవీ ధాన్యం పేరుతో చిన్న రైతు ఇంట్లో తిండిగింజలు కొలుచుకుపోయారు, దొరల గరిసెల జోలికి పోలేదు. అది ఆకలి మీద పడిన దెబ్బ. బోస్టన్‌లో ఎవరూ స్టాంపు వల్ల పస్తులు పడుకోలేదు.

వలసవాసులకు పన్నులతో పాటు ఇంకో కోపం ఉంది, నోట్స్‌లో అది సన్నగా కనబడుతుంది. 1763లో రాజు ప్రకటన చేసి అపలాచియన్ కొండలకు పడమట వలసవాసులు స్థిరపడవద్దన్నాడు. అక్కడ ఆదివాసీ జాతులు ఉన్నాయి, వాళ్లతో మళ్లీ యుద్ధం వస్తే ఖర్చు అని లండన్ భయం. వర్జీనియా పెద్ద భూస్వాములు అప్పటికే ఆ భూముల మీద కన్నేశారు. వాళ్లలో జార్జి వాషింగ్టన్ ఒకరు. 1775 నాటికి వలసల జనం 25 లక్షల దాకా ఉంటే అందులో సుమారు 5 లక్షల మంది బానిసలు. పన్ను వేసి మమ్మల్ని బానిసల్ని చేస్తున్నారని కరపత్రాలు రాసిన వాళ్లలో కొందరి ఇళ్లలో నిజంగానే బానిసలు పనిచేస్తున్నారు.

అట్లని ఇది షావుకార్ల గొడవ ఒక్కటే అనీ రాయకు తమ్ముడూ. బోస్టన్ గుంపుకు ముందు నడిచింది మెకింటాష్ అనే చెప్పులు కుట్టే ఆయన. బ్రిటిష్ బట్ట కొనం అన్నప్పుడు ఇళ్లలో రాట్నాలు తిప్పింది ఆడవాళ్లు. 1774 అక్టోబర్‌లో నార్త్ కరోలినా ఈడెన్‌టన్‌లో 51 మంది ఆడవాళ్లు బ్రిటిష్ సరుకు వాడం అని సంతకాలు పెడితే లండన్‌లో కార్టూన్ వేసి వెక్కిరించారు.

సుబేదారి చదువరి:

చాలా థ్యాంక్స్ సార్, అన్నా, మేడమ్. జీతాల విషయం నేను ఎక్కడా గమనించలేదు. ఇంకో చిన్న డౌట్. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకు కూడా అప్పట్లో ఎంపీలు లేరు, అయినా పన్ను కట్టారు. మరి అమెరికాకు నాలుగు సీట్లు ఇచ్చి ఉంటే గొడవ సల్లబడేదా?

పాత దస్తావేజు:

సల్లబడేది కాదు తమ్మీ. 1765 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో 9 వలసల వాళ్లు కూడి తీర్మానాలు చేశారు. అందులోనే ఉంది: మాకు పార్లమెంటులో ప్రతినిధులు లేరు, మా పరిస్థితుల వల్ల ఉండడమూ సాధ్యం కాదు అని. అంటే సీట్లు అడగనే లేదు. పన్ను వేసేది మా అసెంబ్లీయే కావాలి అన్నారు. నాలుగు సీట్లు తీసుకుంటే వందల మంది మధ్య ఓడిపోయి, మీ మనుషులు కూడా కూర్చునే వేశాం కదా అనిపించుకోవాలి. మడికొండ తమ్ముడు రాసిన జవాబులో లోటు ఇదే.

మాంచెస్టర్ వాదన అప్పుడు కూడా చేశారు. ఎంపీని మీరు ఎన్నుకోకపోయినా ఆయన అందరి తరఫునా ఆలోచిస్తాడు అన్నారు. ఇంగ్లండ్‌లో అది కొంత నడుస్తుంది. మాంచెస్టర్ మీద వేసిన పన్ను ఆ ఎంపీ సొంత ఊరి మీదా పడుతుంది. తనకు మండితే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. 1763లో సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం) మీద పన్ను వేస్తే ఆపిల్ తోటల జిల్లాలు మండిపడ్డాయి, 1766లో తీసేశారు. అమెరికా మీద వేసేది అట్లా కాదు. అక్కడ ఎంత వసూలైతే ఇక్కడ అంత తేలిక. ఆ ఎంపీ చెయ్యి వెనక్కి రావడానికి కారణమే లేదు.

ఇంకొకటి రాసుకో, పరీక్షలో ఎవరూ రాయరు. స్వాతంత్ర్యం వచ్చాక పన్నులు తగ్గలేదు. యుద్ధం అప్పు తీర్చడానికి మసాచుసెట్స్ సర్కారు పన్నులు నాణేల్లోనే కట్టమంది. పడమటి రైతుల భూములు జప్తుకు వచ్చాయి. 1786లో షేస్ అనే మాజీ సైనికుడి వెంట వాళ్లు కోర్టుల మీద పడ్డారు. కొత్త దేశం 1791లో విస్కీ మీద సుంకం పెట్టింది. పెన్సిల్వేనియా కొండల్లో రైతులు మొక్కజొన్న, రై గింజలు మోసుకుపోలేక విస్కీ కాచి అమ్ముకునేవాళ్లు. బ్రిటన్ మీద తిరగబడ్డ రోజుల్లో చేసినట్టే వసూలుదార్లకు తారు పూసి ఈకలు అంటించారు. 1794లో వాషింగ్టన్ సుమారు 13 వేల మంది సైన్యాన్ని కూడగట్టి తానే కొంత దూరం వెంట నడిచాడు. తిరుగుబాటు చెదిరిపోయింది గానీ వసూళ్లు సరిగ్గా సాగలేదు. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ హయాంలో ఆ సుంకాన్ని ఎత్తేశారు.